కొండల నడిమి జలాశయమున తేలిక పడవలును చేపల వేటయు

శ్రీశైల జలాశయపు గట్టున నివసించు మన సంఘ సభ్యులు ఏడాదిలో సగము కాలము రైతులు, సగము కాలము జాలరులు. నీరు తీసినప్పుడు బయటపడిన ఒండ్రునేలలో పైరు పెట్టుదురు. నీరు ఎక్కినప్పుడు అదే నేలమీదుగా పుట్టి నడపుకొని పోయి వల విడుచుదురు. పైరు సంగతి ఈ పత్రికలో పలుమారులు వ్రాసితిమి. నీటి సంగతి వ్రాయుమని సభ్యులు కోరినప్పుడెల్ల, అది మా వృత్తికి వెలుపలిదని తప్పించుకొనుచు వచ్చితిమి. గడచిన వానకాలమున మన సభ్యులలో ఒకరి ఇంట జరిగిన కష్టమును చూచిన పిమ్మట ఇంకను తప్పించుకొనుట న్యాయము కాదని తోచినది. కావున తెలిసినవారిని అడిగి నేర్చుకొన్నదియు, మేము స్వయముగా మునిగి నేర్చుకొన్నదియు ఇందు వ్రాయుచున్నాము.

మొదట గ్రహింపవలసినది జలాశయము చెరువు కాదన్న సంగతి. చెరువు పల్లపు నేలకు కట్ట వేసి నిలిపిన నీరు. దాని అడుగు పళ్లెమువలె మెల్లమెల్లగా దిగును. కొండల నడుమ కట్టిన జలాశయము మునిగిన లోయ. నల్లమల కొండల మధ్య కృష్ణకు అడ్డముగా సుమారు 145 మీటర్ల ఎత్తున ఆనకట్ట లేచినది. 1981 నాటికి నూటికి పైగా గ్రామములు నీటికి వదలుకొనవలసి వచ్చినది. నిండు మట్టము 885 అడుగులు. కట్టిననాడు 308 టి.ఎం.సి.ల నీరు పట్టునని లెక్క వేసిరి; ఏటేట ఒండ్రు చేరి, తరువాతి కొలతలలో అది సుమారు 215 టి.ఎం.సి.లకు తగ్గినది. అట్టి నీటిలో ఒక అడుగు మోకాటిలోతు, మరుసటి అడుగు తాటిలోతు. క్రింద చెట్ల మోడులు, ఇండ్ల మొండిగోడలు, పూడని బావులు ఉన్నవి. వేసవిలో నీరు తగ్గినప్పుడు సంగమేశ్వరాలయము బయటపడి, పూజలందుకొని, వరద రాగానే మరల మునుగుట మనము ఏటేట చూచుచున్నదే. గుడి కనబడకున్నను దాని రాళ్లు అచ్చటనే ఉన్నవి; ఒకనాటి నిండునీరు దాటిన చోటనే నెల తరువాత పుట్టి అడుగు చిరుగును.

సోమశిల వైపున ఒక ముదుసలి పుట్టివాడు మమ్ము మొదటిసారి నీటిమీదికి తీసికొనిపోయినప్పుడు నడినీటిలో తెడ్డు ఆపి, "సారూ, కింద మా ఊరున్నది" అనెను. మేము వంగి చూచితిమి. నీరు తప్ప మరేమియు కనబడలేదు. అతడు మాత్రము ఏ చింతమాను ఎచ్చట నున్నదో ఎరిగినవాడై దానిని చుట్టి నడపెను. ఇప్పటి యువకులకు ఆ ఊరి వీధులు తెలియవు. కావున నీరు మిక్కిలి తగ్గిన మే నెలలో ప్రతి రేవువారును గట్టు వెంబడి నడచి, మోడులను, గోడలను గుర్తుపెట్టుకొని, వీలైనవానిని నరికివేయవలెను. కానివానికి వెదురు గడలు పాతవలెను. రెండు దినముల పని పది వలలను కాపాడును.

ఇక నీటి మట్టము. ఎగువ జూరాల నుండియు తుంగభద్ర నుండియు వరద దిగినప్పుడు ఇచ్చట మట్టము దినములలో అడుగులకొలది లేచును. 2009 అక్టోబరు వరదలలో నిండు మట్టమును దాటి 896 అడుగుల వరకు ఎక్కినది. విద్యుత్తు కొరకు నీరు వదలినప్పుడు దిగును. రాత్రి గట్టున కట్టిన పడవ ఉదయమునకు బురదలో కూర్చుండుట, లేదా కట్టుత్రాడు పొట్టిదై ముందు కొన నీట మునుగుట మనకు వాడుకయే. త్రాడు పొడవుగా వదలి, గట్టున ఎత్తైన చోట మేకు పాతవలెను.

ఈ నీటిమీద నడుచు తేలిక పడవలు ఏవి? మన పుట్టి అన్నిటికంటె ప్రాచీనమైనది. సుమారు 1520లో విజయనగరమును చూడవచ్చిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేస్, ఆనెగొంది వద్ద తుంగభద్రను దాటించు గుండ్రని బుట్టపడవలను గూర్చి వ్రాసియుంచెను. లోపల బెత్తము, వెలుపల తోలు, పదునైదిరువదిమంది పట్టుదురు, ఎప్పుడును తిరుగుచునే పోవునని అతని వర్ణన. తోలు పోయి తారు పూసిన గుడ్డ, తరువాత ప్లాస్టిక్ పట్టా, ఇప్పుడు ఫైబరు వచ్చినవి. తిరుగుట మాత్రము పోలేదు. పుట్టికి ముందు వెనుకలు లేవు. నడపువాడు పోవలసిన దిక్కున అంచుకడ కూర్చుండి, నీటిని తనవైపు లాగికొనవలెను. వెనుక కూర్చుండి త్రోయువాడు గిరగిర తిరుగును. లోతు తక్కువ చోట్లకు, బరువులకు ఇంతకంటె మేలైనది లేదు. అయితే గాలికి ఎదురు పోజాలదు.

రెండవది దోనె. ఒకే మాను తొలిచి చేయునది. కొల్లేటి ప్రాంతమున తాటిమొదలు తొలిచి చేసిన దోనెలు ప్రసిద్ధములు. ఒంటి దోనె పొరలును. రెంటిని జతకట్టినచో అది సంగడి, ఎద్దును నిలబెట్టినను కదలదు. క్రీస్తుశకము మొదటి శతాబ్దమునాటి గ్రీకు నావికుల గ్రంథమొకటి మన తూర్పుతీరమున ఒంటిమ్రానులను జతకట్టిన సంగర అను ఓడలున్నవని చెప్పుచున్నది. ఆ మాటయు మన సంగడియు ఒకటేనని తలచువారు కలరు. మాకు ఆ పాండిత్యము లేదు గాని, జతకట్టుట అను ఉపాయము మాత్రము నేటికిని పనికివచ్చునది. రెండు పుట్టులు, రెండు దోనెలు గాని అడ్డుకఱ్ఱలతో బిగించి కట్టినచో, వలతోడను చేపలతోడను తిరిగివచ్చునప్పుడు గుండె దిటవుగా నుండును.

విదేశములనుండి వచ్చినవి కెనూ, కయాకు అను రెండు. కెనూ మన దోనెకు చెల్లెలు. పైభాగము తెరచియుండును, ఒంటిరెక్క తెడ్డుతో మోకాళ్లపై నిలిచి నడపుదురు. కయాకు ఉత్తరపు మంచుదేశముల ఇన్యూట్ జాతివారు సీలు వేటకై చేసికొన్నది. కొట్టుకొని వచ్చిన కఱ్ఱలతోను ఎముకలతోను చట్రము కట్టి సీలు తోలు కప్పుదురు. మనిషి దూరుటకు ఒక రంధ్రము మాత్రమే యుండును. తెడ్డునకు రెండు కొనలను రెక్కలు. 1936లో బెర్లిను ఒలింపిక్సులో ఈ రెంటితోడి పందెములను చేర్చిరి. నేడు పట్టణవాసులు ప్లాస్టిక్ కయాకులను కారుపై కట్టుకొని వచ్చి మన రేవులలో దించుచున్నారు. వారిని చూచి నవ్వువారును, వలదని తరుమువారును, అద్దెకు దారి చూపువారును మనలో కలరు. మూడవవారే తెలివిగలవారని మా యభిప్రాయము.

మేమును ఒకనాడు కయాకు ఎక్కితిమి. మిషను పాఠశాల బావిలో ఈత నేర్చినవారము గనుక నీరు మాకు తెలియుననుకొంటిమి. రేవున సభ్యులెల్లరు చూచుచుండగా, ఎక్కునప్పుడు కాలు నడుమ పెట్టక అంచుపై పెట్టితిమి. పడవ బోర్లపడెను, మేము దాని క్రింద నుంటిమి. కాళ్లు లోపల చిక్కుకొని, పైకి ఏది, క్రిందకి ఏది అన్నది తెలియలేదు. ఆ ముదుసలియే నీట దిగి మెడపట్టి బయటకు లాగి, "కూసోని ఎక్కాలె సారూ, నిలబడి గాదు" అనెను. సభ్యులు చాల దినములు నవ్వుకొనిరి. కాని ఆనాడు నేర్చినదే ఈ పాఠమునకు మూలము.

తేలిక పడవ బరువు వలన నిలువదు, అందులోని మనిషి కూర్చుండు తీరు వలన నిలుచును. బరువు ఎంత క్రిందనుండిన పడవ అంత కుదురుగా నుండును. అందుచేత ఎక్కునప్పుడు వంగి, రెండు చేతులతో రెండు అంచులను పట్టుకొని, కాలు నట్టనడుమ పెట్టి, వెంటనే కూర్చుండవలెను. కెనూలో పీటమీద కూర్చుండుటకంటె అడుగున మోకాళ్లపై నిలుచుట మేలు. నడినీటిలో ఎవ్వరును లేచి నిలువరాదు, చోట్లు మారరాదు. తెడ్డు చేతితో త్రోయుట కాదు. తెడ్డును ముందు నాటి, నడుము త్రిప్పి, పడవను దానికడకు లాగికొనుటయని ఎంచవలెను. చేతులతో త్రోయువాడు గడియలో అలసిపోవును. కెనూలో ఒంటిగా నొకవైపే తెడ్డు వేసినచో మొగము రెండవవైపునకు తిరుగును. ప్రతి లాగు చివరను తెడ్డు రెక్కను కొంచెము వెలుపలకు మలచి త్రోసినచో తిన్నగా పోవును. ఇది నాగటి మేడి నొక్కు వంటిది. చెప్పినచో రాదు, పదిసార్లు చేసినచో వచ్చును. మూతగల కయాకు ఎక్కువాడు మొదట నడుములోతు నీటిలో తోడొకని నిలుపుకొని, బోర్లపడి బయటకు వచ్చుటను అభ్యసింపవలెను. దానిని నేర్వనివాడు లోతునకు పోరాదు.

గాలి సంగతి విస్తరించి వ్రాయవలసియున్నది. విశాలమైన నీటిపై గాలి ఎంత దూరము అడ్డులేక వీచునో అల అంత పెద్దదగును. మన జలాశయము పైభాగమున మైళ్లకొలది పరచుకొని, క్రిందికి పోవుకొలది కొండల మధ్య సన్నగిలుచున్నది. సన్నని చోట గాలి గొట్టములో వలె తోసికొనివచ్చును. మలుపు తిరిగిన వెంటనే ఎదురు తగులును. తెల్లవారుజామున నీరు అద్దమువలె నుండి మధ్యాహ్నమునకు తెల్లని నురుగు లేచుట మీరెరిగినదే. ఏప్రిల్, మే నెలలలో పడమట మబ్బు నల్లబడినచో గాలివాన అరగంటలోనే పైబడవచ్చును. కావున తెల్లవారకముందు పోయి ఎండ ముదరకముందు తిరిగిరావలెను. పోవునప్పుడు గాలికి ఎదురుగా పోవలెను. అలసిన తరువాత అదే గాలి ఇంటికి తెచ్చును. దీనిని తలక్రిందులు చేసినవారు చీకటి పడువరకు నీటిలోనే యుందురు. అల పడవ ప్రక్కకు తగులనీయరాదు. ముందు కొనను అలకు కొంచెము ఏటవాలుగా నిలిపి నడపవలెను. వాగుమూతి దాటవలసినప్పుడు అడ్డముగా పోక, దూరమైనను గట్టు వెంబడి చుట్టి పోవుటే మంచిది.

పడవ పెద్దదైనంత మాత్రమున భయము లేదని తలపరాదు. 2007 జనవరిలో సింగోటము జాతర చూచి తిరిగిపోవుచున్న జనులతో నిండిన పడవ మంచాలకట్ట కడ మునిగి పదులకొలది ప్రాణములు పోయినవి. పట్టవలసినదానికి మించి ఎక్కించుకొన్న పడవ ఏదైనను అంతే.

ఇప్పుడు గడచిన వానకాలపు సంగతి. మువ్వురు యువకులు వెదురు పుట్టిలో వల తీయబోయిరి. మధ్యాహ్నపు గాలికి వల మోడునకు తగులుకొన్నది. మువ్వురును ఒకే అంచుకు వంగి లాగిరి, పుట్టి బోర్లపడినది. ఇద్దరికి ఈత అంతగా రాదు. వారు బోర్లపడిన పుట్టినే పట్టుకొని వ్రేలాడుచుండిరి. మూడవవానికి ఈత బాగుగ వచ్చును. గట్టు దగ్గరనే కనబడుచుండెను. నేను పోయి పడవ తెచ్చెదనని చెప్పి, చొక్కాయు ప్యాంటును ధరించియే ఈదసాగెను. గంట తరువాత వేరొక వలవారు వచ్చి పుట్టి పట్టుకొన్న ఇద్దరిని తీసిరి. ఈదినవాడు మూడవనాడు దొరికెను. వయస్సు 19.

కొండల నడుమ గట్టు ఎప్పుడును దగ్గరగానే కనబడును. కొండ ఎత్తు కంటిని మోసగించును. బోర్లపడిన వెదురు పుట్టి మునుగదు. బోర్లపడిన పడవ తేలుచున్నంతవరకు దానిని విడువరాదు. ఈత వచ్చినవాడు మరింత గట్టిగా పట్టుకొనవలెను, ఏలయన విడువవలెనని తోచునది వానికే. మనిషికొక ప్రాణరక్షక చొక్కా యుండవలెను. అది పడవలో మడచిపెట్టుటకు కాదు, రేవు వదలకముందే తొడిగికొని త్రాళ్లు బిగించుటకు. దానిని కొనలేనివారు మూతలు బిగించిన ఖాళీ నూనె డబ్బాలను రెంటిని త్రాటితో కట్టి పడవకు తగిలించుకొనిపోయినను లేనిదానికంటె నయము.

ఆ కుటుంబమునకు బీమా సొమ్ము రాలేదు. 2020లో ఆరంభమైన ప్రధానమంత్రి మత్స్యసంపద యోజనలో ప్రమాదమున మరణించిన మత్స్యకారుని కుటుంబమునకు 5 లక్షల రూపాయలు ఏర్పరచిరి; 18 ఏండ్లు నిండినవారు చేరవచ్చును. ఆ బాలుని పేరు జాబితాలో లేదు. జాబితా వ్రాసిననాడు మేమును అచ్చటనే కూర్చుండియుంటిమి. తండ్రి పేరున్నది గదా, పిల్లవానిది వచ్చే ఏడు చూతమని అందరమును అంటిమి. ఆ తండ్రి ఇప్పుడు మమ్ము చూచినప్పుడు ఏమియు అనడు.

ఇక చేపల వేట. మన జలాశయమున ముఖ్యమైనవి బొచ్చె, శీలావతి అనబడు రవ్వ, మ్రిగాల. వీనికి తోడు వాలుగ, జెల్ల, కొరమీను మొదలగునవి. బొచ్చె నీటి పైపొరలో మేయును, రవ్వ నడుమను, మ్రిగాల అడుగునను. ఒకే పొలమున మూడు పైర్లవలె ఇవి ఒకదాని మేత నొకటి అంతగా ముట్టవు. నీరు మిక్కిలి లోతైన నట్టనడుమ వల వేసి లాభము లేదు. అడుగున చలి, మేత తక్కువ, ఊపిరి తక్కువ. చేప వాగుల మొగములలోను, క్రొత్తగా మునిగిన పచ్చికమీదను మేయును. అందుచేత గట్టు వెంబడి పోవుట ప్రాణమునకే కాక వేటకును మేలు.

ఈ మూడును నిలువనీటిలో గ్రుడ్లు పెట్టవు. వరద పారునప్పుడు ఎగువకు ఎక్కి పెట్టును. 1957 జూలై 10న హీరాలాల్ చౌధురిగారు ఒరిస్సాలో చేప తలలోని పీయూషగ్రంథి రసమును సూదిమందుగా ఇచ్చి ఇట్టి చేపలచే తొట్టిలోనే గ్రుడ్లు పెట్టించుట సాధించిరి. నేడు సర్కారువారు విడుచు పిల్లలన్నియు ఆ విద్య ఫలమే. విడుచునప్పుడు నాలుగు అంగుళములకు తగ్గని పిల్లను కోరి పుచ్చుకొనుడు. అంతకు చిన్నవి వాలుగకు పలహారము. జూలై, ఆగస్టు నెలలలో ఎగువకు ఎక్కు తల్లిచేపను నీటిమొగమున అడ్డగించి పట్టుట విత్తనపు గింజను వండుకొనుటయే.

అంతకంటె పెద్ద చేటు అలివి వల. దోమతెరవంటి సన్నని కన్నులతో గట్టునుండి గట్టునకు లాగుదురు. పిల్ల, పెద్ద అన్నియు వచ్చును. పది గ్రాముల పిల్లలు కిలోకు నూరు తూగును. ఎండబెట్టి అమ్మినచో ఆ నూటికి వచ్చునది కొద్దిపాటి సొమ్ము. ఆ నూటిలో తొంబది చచ్చి పదియే మిగిలి, ఒక్కొక్కటి కిలో పెరిగినను పది కిలోల చేప. ఈ లెక్క తెలియని జాలరి లేడు. ఐనను వల ఆగదు. సముద్రతీరపు జిల్లాలనుండి వచ్చి గట్లమీద గుడిసెలు వేసికొన్నవారిని మనవారు నిందింతురు. వారిలో పలువురు వర్తకులకడ ముందుగా సొమ్ము తిని, వల కూడ వారిదే పుచ్చుకొని, పట్టినదెల్ల వారికే పోయు బీదలు. వల కోసిన మాత్రమున అప్పు తెగదు. మన సభ్యులలోనే ఇద్దరు ముగ్గురు రాత్రివేళ అట్టి వలలు లాగుచున్నారని మాకు తెలియును. వారును ఈ పత్రిక చదువుదురు. సంఘము విత్తనమునకు, ఎరువునకు ఇచ్చినట్లే పెద్ద కన్నుల నిలువు వలకు అప్పు ఇచ్చినచో ఈ పని మానువారుందురని నమ్ముచున్నాము. నిలువు వలలో చిన్నది దూరిపోవును, పెద్దది తట్టుకొని తిరుగును, మన మెంచిన పరిమాణపు చేపయే మొప్పలవద్ద చిక్కును. మందుగుండు, విషము వాడుట 1897 నాటి చట్టము మొదలు నేరము. దానిని గూర్చి తర్కింపవలసినది లేదు.

గాలముతో వినోదార్థము పట్టువారికి రెండు మాటలు. తవుడు, వేరుసెనగచెక్క కలిపిన ముద్దకు రవ్వయు మ్రిగాలయు వచ్చును. కొరమీనునకు కప్ప, వాలుగకు చిన్నచేప. బొచ్చె గాలమునకు అరుదు. పడవను నిలుపు రాతిని ముందు కొనకే కట్టుడు, ప్రక్కకు కట్టినచో అల లేచినప్పుడు బోర్లపడుదురు. ముడి ఒక్క లాగుకు ఊడునట్లుండవలెను. పెద్ద వాలుగ పడినప్పుడు ఇద్దరును ఒకే వైపునకు వంగరాదు. బురదగట్టున మొసలి ఎండ కాగుట కలదు. ఇరువైపులను పులుల అభయారణ్యములు. అటవీశాఖవారి అనుమతి లేక రాత్రి గట్టున దిగరాదు.

పుట్టులకు తారు పూయుటకు ఏప్రిల్ నెల అనుకూలమైనది. బాగుగ ఎండిన పుట్టిని బోర్లించి, పాత పొరను గీకి, వెదురు విరిగినచోట క్రొత్త బద్ద నేసి, రెండు పూతలు వేసి నాలుగు దినములు నీడన ఉంచవలెను. ప్రాణరక్షక చొక్కాలను పురుగుమందుల గదిలో వ్రేలాడదీయవలదు. ఈ నెల జాబితా సవరించు దినమున ప్రతి సభ్యుడును ఇంట నీటిమీదికి పోవు వారందరి పేర్లను, ఆధారు కార్డులను వెంట తేవలెను; 18 నిండిన పిల్లలను కూడ తోడ్కొని రావలెను.